నాన్నగారికి ఏ రకం క్యాథెటర్ ఎంచుకోవాలి? ఫోలీ, ఇంటర్మిటెంట్, పొత్తికడుపు ట్యూబుల మధ్య తేల్చుకోలేకపోతున్నాము

కదిరి ఆడపడుచు (బెంగళూరు) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉంటున్నాము. మా నాన్నగారిది కదిరి పక్కన పల్లె. ఆయనకు డెబ్బై దాటాయి. చాలా ఏళ్లుగా షుగరు ఉంది, ప్రోస్టేట్ గ్రంథి కూడా బాగా పెరిగింది. ఈమధ్య ఒక రాత్రి మూత్రం పూర్తిగా బంద్ అయి విలవిల్లాడిపోతుంటే ఇక్కడి ఆసుపత్రికి తీసుకువచ్చాము. అక్కడ మూత్రనాళంలోకి ట్యూబు (క్యాథెటర్) వేయగానే ఒక లీటరుకు పైగా మూత్రం వచ్చింది. మూత్రం దారి సడలించే టామ్సులోసిన్ మాత్రలు ఇచ్చి, కొన్ని రోజుల తరువాత ట్యూబు తీసి చూశారు కానీ, మూత్రం తనంతట తాను రాలేదు, మళ్లీ ట్యూబు వేయవలసి వచ్చింది.

ప్రోస్టేట్ ఆపరేషన్ చేయించుకుందామంటే, గుండెకు స్టెంట్ వేసి ఎక్కువ కాలం కాలేదు. రక్తం పలుచబడే మాత్రలు ఇంకా కొన్ని నెలలు ఆపడానికి వీల్లేదని గుండె డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఆపరేషన్ జరిగేదాకా మూడు మార్గాలు ఉన్నాయని యూరాలజిస్టుగారు అన్నారు: ఇప్పుడున్న ఫోలీ ట్యూబునే మారుస్తూ కొనసాగించడం, రోజుకు కొన్నిసార్లు మనమే సన్నని ట్యూబు వేసి మూత్రం తీసేయడం (ఇంటర్మిటెంట్), లేదా పొత్తికడుపు దగ్గర చిన్న రంధ్రం చేసి అక్కడినుంచి ట్యూబు వేయడం. ఓపీలో రద్దీ వల్ల మా సందేహాలన్నీ అడిగే వ్యవధి దొరకలేదు. ఇంతలో మా పెదనాన్నగారి అబ్బాయి ఫోన్ చేసి, ఇవేవీ వద్దు, కండోమ్ క్యాథెటర్ తగిలిస్తే సరిపోతుంది, నొప్పి కూడా ఉండదు అంటున్నాడు.

ఇప్పుడు నాన్నగారి బాధ ఏమిటంటే, ట్యూబు ఉన్నా అప్పుడప్పుడు పొత్తికడుపు పట్టేసినట్టై, ట్యూబు పక్కనుంచి మూత్రం కారి పంచె తడిసిపోతోంది. పెద్ద సైజు ట్యూబు వేస్తే కారదేమో అని మాకు అనిపిస్తోంది. లేటెక్స్ (రబ్బరు), సిలికాన్ అని రెండు రకాలు ఉన్నాయట, వాటిలో ఏది మేలు? మూత్రం పరీక్షలో బ్యాక్టీరియా కనబడిందని ఇప్పటికే రెండు విడతలు యాంటీబయాటిక్స్ వాడాము. ఆయనకు జ్వరం మాత్రం ఎప్పుడూ రాలేదు. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

వార్డు సిస్టర్, విజయనగర

అమ్మా, యూరాలజీ వార్డులో చాలా ఏళ్లుగా పని చేస్తున్నదాన్ని కనుక నాకు తెలిసినది చెబుతాను. నిర్ణయం మాత్రం నాన్నగారిని పరీక్షించిన డాక్టరుగారిదే.

ముందు కండోమ్ క్యాథెటర్ సంగతి తేల్చేద్దాము, ఎందుకంటే మీ నాన్నగారి విషయంలో అది ప్రమాదం. అది పురుషాంగానికి బయటినుంచి తొడిగే తొడుగు మాత్రమే. మూత్రం తనంతట తాను వస్తూ, అదుపు లేక కారిపోయేవారికి అది చాలా మంచి సాధనం. లోపలికి ఏదీ వెళ్లదు కనుక ఇన్ఫెక్షన్ భయం కూడా తక్కువ. కానీ మీ నాన్నగారికి మూత్రం కారిపోవడం జబ్బు కాదు, లోపల నిలిచిపోవడం జబ్బు. బయట ఎంత మంచి తొడుగు పెట్టినా మూత్రాశయంలో నిలిచినది బయటికి రాదు, అది నిండి వెనక్కి తన్ని కిడ్నీలు ఉబ్బుతాయి. ఏ క్యాథెటర్ అయినా ఎంచుకునే ముందు, మూత్రం ఆగిపోతోందా, కారిపోతోందా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు తెలియాలి. నా అనుభవంలో బంధువుల సలహాలు తప్పుదారి పట్టేది ఎక్కువగా ఇక్కడే.

ఇక ఫోలీ. 1930లలో అమెరికన్ యూరాలజిస్టు ఫ్రెడరిక్ ఫోలీ రూపొందించిన బెలూన్ ట్యూబు ఇదే. మూత్రనాళం గుండా లోపలికి పంపి, చివర ఉన్న చిన్న బెలూన్‌లో స్టెరైల్ నీళ్లు నింపితే అది జారిపోకుండా నిలుస్తుంది. అత్యవసరంలో దీనికి మించినది లేదు. కానీ అది లోపల ఉన్నంతకాలం బ్యాక్టీరియా చేరుతూనే ఉంటుంది. రోజుకు సుమారు 3 నుంచి 7 శాతం చొప్పున ఆ అవకాశం పెరుగుతూ పోతుందని వైద్య గ్రంథాలు చెబుతాయి, కనుక నెల గడిచేసరికి దాదాపు అందరి మూత్రంలోనూ బ్యాక్టీరియా కనబడుతుంది. అలా కనబడినంత మాత్రాన మందు వాడనక్కరలేదు. జ్వరం, చలి, నడుము పక్కల నొప్పి, కొత్తగా మతి తప్పడం వంటివి ఉంటేనే దాన్ని ఇన్ఫెక్షన్ అంటారు. ఏ లక్షణమూ లేకుండా మాటిమాటికీ యాంటీబయాటిక్స్ వేస్తే, రేపు నిజంగా జ్వరం వచ్చిన రోజున ఆ మందులకు లొంగని బ్యాక్టీరియా మిగులుతుంది. ఈ విషయం మీ డాక్టరుగారితో తప్పకుండా మాట్లాడండి. మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసే కల్చర్ పరీక్ష నిజంగా అవసరమైతే, పాత ట్యూబునుంచి, బ్యాగులోనుంచి కాకుండా, ట్యూబు మార్చిన వెంటనే కొత్తదానినుంచి నమూనా తీయమని అడగండి.

సైజు గురించి మీరు అనుకున్నది చాలామంది అనుకునేదే, కానీ వాస్తవం దానికి విరుద్ధం. ట్యూబు మందాన్ని ఫ్రెంచ్ కొలతలో చెబుతారు. ఆ అంకెను మూడుతో భాగిస్తే మిల్లీమీటర్లు వస్తాయి, అంటే 16 సైజు ట్యూబు బయటి మందం సుమారు 5.3 మి.మీ. పెద్దవయసు పురుషులకు సాధారణంగా 14 లేదా 16 సరిపోతుంది. 20, 22 వంటివి రక్తపు గడ్డలు కడగవలసిన సందర్భాలకు. ట్యూబు పక్కనుంచి మూత్రం కారడం చాలాసార్లు మూత్రాశయం పట్టేయడం వల్ల జరుగుతుంది, మరింత లావు ట్యూబు వేస్తే ఆ పట్టు ఇంకా పెరుగుతుంది. ముందు ట్యూబు ఎక్కడైనా మడత పడిందేమో, మలబద్ధకం ఉందేమో, ట్యూబు లోపల సుద్ద వంటి పదార్థం పేరుకుని దారి మూసుకుందేమో చూడాలి. ఇవేవీ కాకపోతే పట్టు తగ్గించే మాత్రలు ఉన్నాయి, వాటిని డాక్టరుగారు రాస్తారు.

మీరు ఒక పని చేయండి. ట్యూబు బయటి చివర రెండు పాయలుగా చీలిన చోట, నీళ్లు ఎక్కించే పాయ మీద అంకెలు ముద్రించి ఉంటాయి. అక్కడ ఏమి రాసి ఉందో, ఆ పాయ చివర మూత ఏ రంగులో ఉందో చూసి ఇక్కడ రాయండి.

లేటెక్స్, సిలికాన్ విషయం ఆ తరువాత చెబుతాను.

చక్రాల కుర్చీ, బొమ్మనహళ్లి

రెండో మార్గాన్ని రోజూ అనుసరిస్తున్నవాడిగా రాస్తున్నాను. నా సమస్య ప్రోస్టేట్ కాదు, వెన్నెముకకు తగిలిన దెబ్బ. నరాల ఆసుపత్రి అయిన నిమ్హాన్స్‌లోని న్యూరలాజికల్ రీహాబిలిటేషన్ విభాగంలో నాకు ఈ పద్ధతి నేర్పారు. దీన్ని క్లీన్ ఇంటర్మిటెంట్ క్యాథెటరైజేషన్ అంటారు, అందరూ సీఐసీ అంటారు. 1972లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాక్ లాపిడెస్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఆయన వాదన నాకు చాలా నచ్చింది: మూత్రాశయం అతిగా నిండి సాగిపోతే దాని గోడలకు రక్తప్రసారం తగ్గి, ఇన్ఫెక్షన్‌ను తట్టుకునే శక్తి పోతుంది. కనుక ఆపరేషన్ థియేటరులో పాటించేంత స్టెరైల్ జాగ్రత్త లేకపోయినా, శుభ్రమైన చేతులతో వేళకు ఖాళీ చేస్తూ ఉండటమే ముఖ్యం. అంతవరకు ఈ పని ఆసుపత్రిలోనే జరగాలనుకున్న ఎంతోమందికి ఆ మాట ఇంటికి వెళ్లే దారి చూపింది.

ఇందులో వాడేది బెలూన్ లేని నెలటాన్ రకం ట్యూబు. నేను చేసే విధానం ఇది. సబ్బుతో చేతులు కడుక్కుంటాను, అంగం కొసన ఉన్న చర్మాన్ని వెనక్కి లాగి నీళ్లతో శుభ్రం చేసుకుంటాను, ట్యూబు ముందు భాగానికి జెల్లీ రాస్తాను. అంగాన్ని పొట్ట వైపుకు నిటారుగా ఎత్తి పట్టుకుంటే లోపలి వంపు తిన్నగా అవుతుంది. మెల్లగా పంపుతుంటే ఒకచోట గట్టిగా తగులుతుంది, అక్కడ నెట్టకూడదు. ఒక్క క్షణం ఆగి నిదానంగా ఊపిరి వదిలితే కండరం సడలి ట్యూబు జారుతుంది. మూత్రం రావడం మొదలైన తరువాత ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి పంపాలి. ధార ఆగాక కొద్దికొద్దిగా వెనక్కి తీస్తూ, మళ్లీ వస్తే అక్కడే ఆగి, పూర్తిగా ఖాళీ అయ్యాకే బయటికి తీయాలి. చివరగా వెనక్కి లాగిన చర్మాన్ని మళ్లీ ముందుకు తేవడం మరచిపోకూడదు, లేకపోతే అక్కడే బిగుసుకుని వాచిపోతుంది. ఫోలీ ఉన్నవారికి స్నానం చేయించేటప్పుడు కూడా ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు చేయాలి. ఒక్కసారికి 400, 500 మి.లీ. దాటకుండా చూసుకోమని నాకు చెప్పారు. అంతకన్నా ఎక్కువ వస్తుంటే మధ్య వ్యవధి తగ్గించాలి. మొదట్లో ఒక నోటుపుస్తకంలో ఎన్ని నీళ్లు తాగారో, ఎంత మూత్రం వచ్చిందో రాస్తే వేళలు వాటంతట అవే కుదురుకుంటాయి.

దీనివల్ల నాకు కలిగిన లాభం, కాలికి బ్యాగు కట్టుకోకుండా ఉద్యోగానికి వెళ్లగలగడం. మెట్రో స్టేషన్లలో దివ్యాంగుల కోసం కేటాయించిన మరుగుదొడ్లు ఉన్నందున ఆ దారిలో ప్రయాణం నాకు సులభమైంది. మిగతా చోట్ల బయలుదేరే ముందే ఎక్కడ ఆగాలో ఆలోచించుకోవలసిందే.

నెలటాన్ ట్యూబు పొట్లం మీద 2 అంకెను కొట్టివేసిన గుర్తు ఉంటుంది, అంటే ఒకసారి వాడి పారేయాలని. ఖర్చు భరించలేక సబ్బుతో కడిగి, ఆరబెట్టి మళ్లీ వాడేవారు మన దేశంలో చాలామంది ఉన్నారు. అలా చేయక తప్పని పరిస్థితి అయితే సొంత పద్ధతి పెట్టుకోకుండా, నేర్పిన నర్సునే అడిగి ఆ ప్రకారం చేయండి. నీటిలో తడపగానే జారుడుగా మారే హైడ్రోఫిలిక్ పూత ట్యూబులు కూడా ఉన్నాయి. రాపిడి తక్కువ, ఖరీదు ఎక్కువ.

వెన్నుపూసకు పైభాగంలో దెబ్బ తగిలినవారు ఎవరైనా ఇది చదువుతుంటే వారికి ఒక హెచ్చరిక. ఏ ట్యూబు వాడుతున్నా సరే, అది మూసుకుపోయి మూత్రాశయం నిండితే రక్తపోటు ఒక్కసారిగా పైకి పోయి, తల పగిలిపోయే నొప్పి, ముఖాన చెమటలు వస్తాయి. వెంటనే లేపి కూర్చోబెట్టి, ముందుగా ట్యూబు సంగతి చూడాలి. అది ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి.

బనశంకరి కోడలు

మా మామగారికి పొత్తికడుపు ట్యూబు ఉంది, దాన్ని సుప్రాప్యూబిక్ అంటారు. ఫోలీ బరువుకు ఆయన మూత్రద్వారం కింది వైపు చీలడం మొదలైంది. ట్యూబును తొడకు అతికించకుండా వేలాడదీయడం వల్ల అలా అయిందని తరువాత వేరే డాక్టరుగారు చెప్పారు. అప్పుడు దీనికి మార్చారు. జఘనపు ఎముకకు రెండు వేళ్ల పైన చిన్న రంధ్రం, అక్కడినుంచి ట్యూబు, మిగతా బ్యాగు అంతా మామూలే. కూర్చోవడానికి ఆయనకు హాయిగా ఉంది, మలవిసర్జన తరువాత శుభ్రం చేయడం సులువు, మార్చేటప్పుడు మునుపటంత నొప్పి లేదు.

అయితే దీని నియమాలు దీనికి ఉన్నాయి. మొదటి మార్పు ఆసుపత్రిలో డాక్టరుగారి చేతి మీదుగానే జరగాలి, ఎందుకంటే లోపలి దారి గట్టిపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తరువాత కూడా ట్యూబు ఊడిపడితే రంధ్రం గంటల్లోనే మూసుకుపోతుంది కనుక ఆలస్యం చేయకూడదు. మా ఇంట్లో అదే సైజు ట్యూబు ఒకటి ఎప్పుడూ అదనంగా ఉంచుతాము, ఆసుపత్రికి వెళితే వెంట తీసుకువెళతాము. పల్లెలో ట్యూబు మార్చడం తెలిసినవారు ఉన్నారా అని ముందే విచారించుకోండి. మామగారు పండుగలకు ఊరికి వెళ్లాలంటే మేము ముందుగా చూసుకునేది అదే.

కదిరి ఆడపడుచు (బెంగళూరు)

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. సిస్టర్‌గారూ, మీరు చెప్పినట్టే చూశాను. మూత నారింజ రంగులో ఉంది. పాయ మీద 16 అని, దాని కింద 30 మి.లీ. అని ముద్రించి ఉంది. ట్యూబు రంగు పసుపు కలిసిన గోధుమ రంగు. మూడు రోజులుగా ఆయనకు సరిగా విరేచనం కావడం లేదు, అడిగితే ఇప్పుడే చెప్పారు. ఆయన చేతులు వణకవు, కళ్లకు శుక్లాల ఆపరేషన్ అయింది కనుక చూపు బాగానే ఉంది. అందుకే సీఐసీ వైపు మనసు పోతోంది. కానీ ప్రోస్టేట్ పెరిగినవారు, అందులోనూ రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు అలా చేయవచ్చా? గుండె కుదుటపడితే ఊరికి వెళ్లిపోవాలని ఆయన పట్టుదల.

వార్డు సిస్టర్, విజయనగర

అమ్మా, నారింజ రంగు 16కు గుర్తే, ఆకుపచ్చ అయితే 14. సైజు సరిగానే ఉంది. 30 మి.లీ. అన్నది బెలూన్ సామర్థ్యం. ఎంత నింపారో కేసు షీటులో ఉంటుంది. అంత పెద్ద బెలూన్ ప్రోస్టేట్ ఆపరేషన్ తరువాత రక్తస్రావం ఆపడానికి అవసరమవుతుంది కానీ, మామూలుగా మూత్రం పోవడానికి 5 నుంచి 10 మి.లీ. బెలూన్ చాలు. పెద్ద బెలూన్ బరువుకు మూత్రాశయం అడుగుభాగం ఒరుసుకుని పట్టు వస్తుంది, పైగా బెలూన్ కింద కొంత మూత్రం నిలిచిపోతుంది. అలాగని ఇంట్లో సిరంజితో కొన్ని నీళ్లు తీసేయకండి. నిర్దేశించిన దానికన్నా తక్కువ నింపితే బెలూన్ ఒక పక్కకు ఉబ్బవచ్చు. తరువాతి మార్పులో 10 మి.లీ. బెలూన్ ఉన్న ట్యూబు వేయమని అడగండి, చాలు. విరేచనం సంగతి మాత్రం ఈ రోజే డాక్టరుగారికి చెప్పండి, చాలామందికి అది సర్దుకోగానే కారడం తగ్గిపోతుంది.

మీరు చెప్పిన రంగును బట్టి అది లేటెక్స్ అనిపిస్తోంది. లేటెక్స్ మీద టెఫ్లాన్ పూత ఉన్నవాటిని గరిష్ఠంగా నాలుగు వారాల వరకు, పూర్తి సిలికాన్ వాటిని పన్నెండు వారాల వరకు ఉంచవచ్చని సాధారణంగా చెబుతారు. అది హద్దు మాత్రమే, కొందరికి ముందే మూసుకుపోతుంది. సిలికాన్ ట్యూబు గోడ పలుచన కనుక, బయటి మందం అంతే ఉన్నా లోపలి దారి వెడల్పుగా ఉంటుంది. దాని ఖరీదు లేటెక్స్‌కు కొన్ని రెట్లు ఎక్కువే కానీ, నెలల తరబడి ఫోలీయే ఉంచవలసి వస్తే నా ఓటు సిలికాన్‌కే. లేటెక్స్ పడనివారికి అయితే వేరే ఆలోచనే లేదు. ట్యూబు మీరే కొనవలసి వస్తే 40 సెం.మీ. పొడవుదే తీసుకోండి. స్త్రీల కోసం చేసిన పొట్టి ట్యూబు పురుషులకు వేస్తే బెలూన్ మూత్రనాళంలోనే ఉబ్బి గాయం చేస్తుంది.

సీఐసీ గురించి మీ ప్రశ్న చాలా ముఖ్యమైనది. ప్రోస్టేట్ పెరిగినంత మాత్రాన అది నిషేధం కాదు. చివర కొద్దిగా పైకి వంగి ఉండే టీమాన్ రకం ట్యూబు ఆ ఇరుకును దాటడానికే ఉన్నది, దాని వంపు ఎప్పుడూ పైకి ఉండేలా పట్టుకోవాలి. అయితే రక్తం పలుచబడే మాత్రలు వాడేవారికి ఒరుసుకున్నచోట రక్తం రావచ్చు. అందుకే మొదటి కొన్నిసార్లు నర్సు ఎదుట నాన్నగారి చేతనే చేయించి, ట్యూబు తేలికగా పోతోందా, రక్తం వస్తోందా అని చూసి నిర్ణయించాలి. తేలికగా పోతే, నా మట్టుకు మీ నాన్నగారికి ఇదే మొదటి ఎంపిక. చేతులు, చూపు బాగున్నాయి, ఊరిలో ట్యూబు మార్చేవారి కోసం ఎదురుచూడనక్కరలేదు, మధ్యలో మూత్రం తనంతట వస్తుందేమో కూడా తెలిసిపోతుంది. తేలికగా పోకపోతే బలవంతంగా నేర్పించకండి, సిలికాన్ ఫోలీతో నెట్టుకురావడమే మేలు. పొత్తికడుపు ట్యూబుకు కూడా సూదితో రంధ్రం చేయవలసిందే కనుక, స్టెంట్ మాత్రలు నడుస్తున్నప్పుడు దానికి తొందరపడరు. గుండె డాక్టరుగారు, యూరాలజిస్టుగారు ఇద్దరూ మాట్లాడుకుని తేల్చాలి.

ఇంకొక మాట యూరాలజిస్టుగారిని తప్పక అడగండి. దీర్ఘకాలం షుగరు ఉన్నవారిలో మూత్రాశయపు కండరమే బలహీనపడి ఉండవచ్చు. మొదటిరోజు ఒక లీటరుకు పైగా వచ్చిందన్నారు కనుక ఆ అనుమానం మరింత కలుగుతోంది. అడ్డు ప్రోస్టేట్‌దా, బలహీనత కండరానిదా అన్నది యూరోడైనమిక్ పరీక్షలో తెలుస్తుంది. కండరమే బలహీనమైతే ఆపరేషన్ తరువాత కూడా సీఐసీ కొనసాగించవలసి రావచ్చు, అప్పుడు ఇప్పుడు నేర్చుకున్నది వృథా పోదు. ఖర్చు ఇబ్బంది అనుకుంటే విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ నెఫ్రో యూరాలజీ సంస్థ ఉంది, అక్కడ కూడా విచారించవచ్చు.

ఫోలీ ఉన్నన్నాళ్లు ట్యూబును తొడ పైభాగానికి కొంచెం వదులు ఉంచి అతికించండి. బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి, కానీ నేలకు తగలకూడదు, మూడింట రెండు వంతులు నిండగానే ఖాళీ చేయండి. ట్యూబును, బ్యాగును మాటిమాటికీ విడదీయకండి, ఆ అతుకు విప్పిన ప్రతిసారీ బ్యాక్టీరియాకు తలుపు తెరిచినట్టే. మూత్రం రెండు మూడు గంటలు అసలు రాక పొత్తికడుపు ఉబ్బినా, ఎర్రని రక్తపు గడ్డలు వచ్చినా, చలితో జ్వరం వచ్చినా, తెల్లవారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకువెళ్లండి. ఆయన వాడుతున్న రక్తం పలుచబడే మాత్రల పేర్లు రాసిన కాగితం వెంట ఉంచుకోండి, వాళ్లు మొదట అడిగేది అదే.